కారు ఒకటి, బేరాలు రెండు

ఈ వారం ఊబర్, లిఫ్ట్ ల గురించి మాట్లాడమని మన రేడియో మిత్రులు అడిగారు. "అందులో చెప్పడానికేముందండీ, ఫోను తీస్తాం, నొక్కుతాం, కారొస్తుంది, ఎక్కుతాం" అన్నాను. "ఆ నొక్కిన తర్వాత అవతల ఏం జరుగుతుందో చెప్పండి, మీరు నడుపుతారు కదా" అన్నారు. అవునండీ, నడుపుతాను. ఫ్రీమాంట్ లో ఉంటాను, వారానికి మూడు నాలుగు సాయంత్రాలు బయటికి వెళతాను. ఏ కంపెనీకి నడుపుతానో మాత్రం చెప్పను. ఎందుకంటే నేను చెప్పబోయే మంచీ చెడ్డా కాస్త అటూ ఇటూగా అన్నిటికీ వర్తించేవే. ఇంకో మాట, నేను ఉండేది కాలిఫోర్నియా కాబట్టి ఎక్కువగా ఇక్కడి చట్టాలే చెబుతాను. టెక్సాస్ లోనో న్యూజెర్సీ లోనో వింటున్నవాళ్ళు మీ రాష్ట్రం సంగతి విడిగా చూసుకోవాలి.

ముందు కాస్త చరిత్ర. ఊబర్ 2009 లో ఊబర్ క్యాబ్ అనే పేరుతో పుట్టింది. గారెట్ క్యాంప్, ట్రావిస్ కలానిక్ అనే ఇద్దరు పెట్టారు. 2010 లో శాన్ ఫ్రాన్సిస్కో లో నల్ల కార్లతో సర్వీసు మొదలైంది. టాక్సీ లైసెన్సు లేకుండా క్యాబ్ అని పేరు ఎలా పెట్టుకున్నారని అధికారులు నోటీసు ఇస్తే, పేరులోంచి ఆ క్యాబ్ తీసేశారు. 2012 లో లిఫ్ట్ వచ్చింది. (మన ఊళ్ళో లిఫ్ట్ అంటే రోడ్డు పక్కన నిలబడి బండి ఆపి ఎక్కించుకోమని అడిగేది. వీళ్ళదీ మొదట్లో ఇంచుమించు అదే భావన, కారు ముందు పెద్ద గులాబీ రంగు మీసం పెట్టుకుని తిరిగేవాళ్ళు!) మామూలు మనుషులు సొంత కార్లలో మామూలు మనుషుల్ని ఎక్కించుకోవడం అప్పుడే మొదలైంది. 2013 సెప్టెంబరు లో కాలిఫోర్నియా పబ్లిక్ యుటిలిటీస్ కమిషన్ వీళ్ళకోసం ఒక కొత్త పేరు కనిపెట్టింది, ట్రాన్స్‌పోర్టేషన్ నెట్‌వర్క్ కంపెనీ అని. అంటే టాక్సీ కంపెనీ కాదు, కార్లని నడిపే కంపెనీ కాదు, ఇటువాళ్ళనీ అటువాళ్ళనీ కలిపే నెట్‌వర్క్ మాత్రమే. ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకుంటే ఇవాళ నేను చెప్పే మిగతాదంతా సులభంగా అర్థమవుతుంది.

మన పల్లెల్లో పశువుల సంత చూసినవాళ్ళు మీలో ఉండే ఉంటారు. అక్కడ దళారి తువ్వాలు కింద చెయ్యి పెట్టి అమ్మేవాడి వేళ్ళు పట్టుకుని ఒక ధర అడుగుతాడు. అదే తువ్వాలు కింద కొనేవాడి వేళ్ళు పట్టుకుని ఇంకో ధర చెబుతాడు. చుట్టూ ఉన్నవాళ్ళకి ఏమీ తెలియదు. ఒక్కోసారి అమ్మేవాడికీ కొనేవాడికీ కూడా అవతలివాడి ధర తెలియదు. యాప్ ఇప్పుడు చేస్తున్న పని ఇంచుమించు ఇదే.

మొదట్లో ఇలా ఉండేది కాదు. మైలుకి ఇంత, నిమిషానికి ఇంత అని రేటు ఉండేది. ప్రయాణం అయ్యాక లెక్కకట్టి, అందులోంచి కంపెనీ ఇరవయ్యో పాతికో శాతం తీసుకుని మిగతాది డ్రైవరుకి ఇచ్చేది. ఇద్దరికీ ఒకే లెక్క. ఆ తర్వాత 2016, 2017 ప్రాంతంలో ప్రయాణికుడికి ముందే ధర చెప్పెయ్యడం మొదలుపెట్టారు. ప్రయాణికుడికి అది సుఖమే, కారెక్కాక మీటరు చూస్తూ గుండె దడ పెట్టుకోనక్కర్లేదు. 2022 లో ఊబర్ డ్రైవరుకి కూడా ముందే మొత్తం చెప్పే పద్ధతిని దేశమంతా విస్తరించడం మొదలుపెట్టింది. తర్వాత అది మా కాలిఫోర్నియాకీ వచ్చింది. అక్కడే ముడి తెగిపోయింది. మీకు చెప్పే ధర వేరే లెక్క, నాకు చెప్పేది వేరే లెక్క. రెంటికీ మధ్య ఇంత శాతం అని ఒక నిర్ణయమంటూ లేదు.

నాకు ఎలా కనిపిస్తుందో చెబుతాను. కారు ఎక్కడో పక్కన ఆపుకుని ఉంటాను. ఫోన్ మీద ఒక చీటీ లాంటిది వస్తుంది. ఇన్ని డాలర్ల ఇన్ని సెంట్లు, ప్రయాణికుడి దగ్గరకి తొమ్మిది నిమిషాలు, అక్కడినుంచి ప్రయాణం ఇరవై రెండు నిమిషాలు, సుమారుగా ఫలానా చోటు. పక్కన ఒక గీత వేగంగా కరిగిపోతూ ఉంటుంది. నాకున్నవి కొద్ది సెకన్లు. ఆ కొద్ది సెకన్లలో తొమ్మిది నిమిషాలు ఊరికే పోవాలి కదా, దింపేచోటినుంచి ఖాళీగా తిరిగి రావాలా, దారిలో వంతెన దగ్గర ట్రాఫిక్ ఉంటుందా అని లెక్కలన్నీ వేసుకుని ఒప్పుకోవాలి, లేదా వదిలెయ్యాలి. నేను వదిలేస్తే పక్క వీధిలో ఇంకొకరికి పోతుంది. మీ ఫోన్ లో "మీ డ్రైవరుని వెతుకుతున్నాం" అని తిరుగుతూ ఉన్నప్పుడు జరిగేది ఇదేనండీ. కంప్యూటరు వెతకడం ఒక్క క్షణం పని. మిగతా టైమంతా మాలాంటివాళ్ళు ఆ చీటీ చూసి పెదవి విరుస్తున్న టైము.

ఒకసారి మిల్పిటాస్ నుంచి శాన్ ఫ్రాన్సిస్కో ఎయిర్‌పోర్ట్ కి ఒక తెలుగాయన ఎక్కారు. మాటల మధ్య, "ఏమండీ, ఇవాళ అరవై ఎనిమిది వేశాడు, మీకు బాగానే గిడుతుందనుకుంటా" అన్నారు. నా ఫోన్ లో ఉన్నది ముప్ఫై నాలుగు చిల్లర. నేను ఫోన్ ఆయనకి చూపించాను. ఆయన నమ్మలేదు, తన ఫోన్ తీసి చూపించారు. ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడుకోలేదు. అయితే ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఆ తేడా అంతా కంపెనీ జేబులోకి పోదు. అందులో ఎయిర్‌పోర్ట్ వాళ్ళ ఫీజు ఉంటుంది, ప్రభుత్వం వేసేవి ఉంటాయి, ఇన్సూరెన్స్ ఖర్చు ఉంటుంది. కాలిఫోర్నియాలో ఆ ఇన్సూరెన్స్ చాలా ఎక్కువ కూడాను. కాకపోతే ఏది ఎంతో ఆ కారులో ఉన్న ఇద్దరికీ తెలియదు. 2024 ఫిబ్రవరి లో లిఫ్ట్ ఒక మాట ఇచ్చింది, బయటి ఫీజులు తీసేశాక ప్రయాణికులు ఇచ్చినదాంట్లో వారం మొత్తం మీద డ్రైవరుకి డెబ్భై శాతానికి తగ్గకుండా చూస్తామని. మంచిదే. "బయటి ఫీజులు తీసేశాక" అన్న మాట దగ్గర మాత్రం కాస్త ఆగి చదువుకోవాలి.

రద్దీ టైములో ధర పెంచడం కూడా ఇంతే. వాన పడుతోంది, క్రికెట్ మ్యాచ్ వదిలారు, ధర రెట్టింపయింది. మీరు తిట్టుకుంటూ నొక్కుతారు, పోనీలే డ్రైవరుకైనా వస్తుంది కదా అనుకుంటారు. వెనకటికి మీకు రెట్టింపైతే నాకూ రెట్టింపయ్యేది. ఇప్పుడు మాకు కనిపించేది చాలావరకు మూడు డాలర్లు అదనం, ఐదు డాలర్లు అదనం అని. మీకు పెరిగినదానికీ నాకు పెరిగినదానికీ చుట్టరికం లేదు. నా సలహా అడిగితే, మ్యాచ్ వదిలిన గేటు ముందే నిలబడి నొక్కకండి. పది నిమిషాలు నడిచి పక్క వీధిలోకి రండి, రెండు యాప్ లూ తెరిచి ధరలు పోల్చి చూడండి. ఆ పది నిమిషాల నడక నాకూ మేలే, ఆ గుంపులోకి కారు దూర్చనక్కర్లేదు.

సరే, ఒక సాయంత్రం లెక్క వేద్దాం. ఇది ఉదాహరణ కోసం గుండ్రంగా వేస్తున్న లెక్క. ఐదు గంటలు యాప్ ఆన్ లో ఉంది. అందులో పిలుపు ఒప్పుకున్నప్పటినుంచి దింపేదాకా లెక్కకొచ్చే టైము మూడు గంటలు. మిగతా రెండు గంటలు ఎదురుచూపులు, ఖాళీ తిరుగుళ్ళు. మొత్తం తిరిగింది తొంభై ఐదు మైళ్ళు, అందులో లెక్కకొచ్చేవి డెబ్భై. చేతికొచ్చింది నూట పది డాలర్లు. ఇంటికొచ్చి మా ఆవిడతో చెబితే గంటకి ఇరవై రెండు అనుకుంటుంది. కారు ఖర్చో? 2025 లో ఐ.ఆర్.ఎస్. వ్యాపారానికి తిప్పిన కారుకి మైలుకి 70 సెంట్లు ఖర్చు కింద ఒప్పుకుంది. తొంభై ఐదు మైళ్ళకి అరవై ఆరున్నర డాలర్లు. అంటే మిగిలింది నలభై మూడున్నర, గంటకి తొమ్మిది డాలర్లు కూడా లేదు! అంత ఖర్చు అందరికీ అవ్వదులెండి. అప్పు తీరిపోయిన పాత ప్రియస్ ఉన్నవాడికి అందులో సగమే అవుతుందనుకుందాం. అప్పుడైనా గంటకి పదిహేను చిల్లర. 2025 లో కాలిఫోర్నియా రాష్ట్ర కనీస వేతనం గంటకి 16.50.

మరి కనీస వేతనానికి చట్టం లేదా అంటారు. ఉంది, దాని కథ కాస్త పెద్దది. 2019 లో ఎ.బి. 5 అని ఒక చట్టం చేశారు, ఇలాంటి పనివాళ్ళని చాలామందిని కంపెనీ ఉద్యోగులుగానే చూడాలని. 2020 నవంబరు ఎన్నికల్లో కంపెనీలు ప్రొపొజిషన్ 22 అని ప్రజల ముందు పెట్టాయి. డ్రైవర్లు స్వతంత్ర కాంట్రాక్టర్లే, ఉద్యోగులు కారు, బదులుగా కొన్ని హామీలు ఇస్తాం అని. ఇరవై కోట్ల డాలర్లకి పైగా ప్రచారానికి పోశారు. దాదాపు 58 శాతం ఓట్లతో గెలిచింది. కోర్టుల్లో నాలుగేళ్ళు నలిగి, 2024 జులై లో రాష్ట్ర సుప్రీం కోర్టు అది చెల్లుతుందని తేల్చింది.

ఆ హామీ ఏమిటంటే, స్థానిక కనీస వేతనానికి 120 శాతం, దాని మీద మైలుకి మొదట 30 సెంట్లు, తర్వాత ధరల్ని బట్టి కాస్త పెంచుతూ. వినడానికి ఘనంగా ఉంది. కాని అది లెక్కకొచ్చే టైముకి, లెక్కకొచ్చే మైళ్ళకి మాత్రమే. మన ఉదాహరణకి వేసి చూడండి. మూడు గంటలకి 59 డాలర్ల 40 సెంట్లు, డెబ్భై మైళ్ళకి 21 డాలర్లు, వెరసి ఎనభై పైచిలుకు. నాకు అప్పటికే నూట పది వచ్చింది కదా, కాబట్టి కంపెనీ అదనంగా పైసా ఇవ్వక్కర్లేదు. ఖాళీగా గడిచిన ఆ రెండు గంటలు ఎవరి ఖాతాలోనూ లేవు. అవి నావి. టిప్పులు మాత్రం ఈ లెక్కలోకి రావు, పూర్తిగా డ్రైవరువే. కాబట్టి మీరు టిప్పు ఇస్తే అది కంపెనీకి సాయం చేసినట్టు అవుతుందేమో అన్న అనుమానం పెట్టుకోకండి.

న్యూయార్క్ నగరం వాళ్ళు మాత్రం కాస్త తెలివిగా చేశారు. అక్కడ టాక్సీ అండ్ లిమోసిన్ కమిషన్ 2019 నుంచి అమలు చేసిన సూత్రంలో ఖాళీ టైముని కూడా లెక్కలోకి తీసుకున్నారు. డ్రైవర్లు ఎక్కువసేపు ఖాళీగా ఉంటే ఒక్కో ప్రయాణానికి ఇవ్వాల్సిన కనీస మొత్తం పెరుగుతుంది. మసాచుసెట్స్ లో 2024 ఆగస్టు నుంచి గంటకి 32 డాలర్ల 50 సెంట్లతో కనీసం మొదలుపెట్టారు గాని, అదీ ప్రయాణికుడి కోసం వెళ్ళి దింపే టైముకే. కాలిఫోర్నియాలో 2025 అక్టోబరు లో గవర్నరు న్యూసమ్ ఎ.బి. 1340 మీద సంతకం పెట్టారు. ఉద్యోగులు కాకపోయినా డ్రైవర్లు యూనియన్ పెట్టుకుని బేరమాడొచ్చు అని. అది మాకు ఎంతవరకు పనికొస్తుందో చూడాలి.

డబ్బు సంగతి ఇలా ఉంచండి. మన కుటుంబాలకి అసలు తెలియాల్సింది ఇన్సూరెన్స్. దీని గురించి మనవాళ్ళ ఇళ్ళలో మాట్లాడుకోగా నేను వినలేదు.

2013 డిసెంబరు 31 రాత్రి శాన్ ఫ్రాన్సిస్కో లో ఒక ఊబర్ డ్రైవరు కారు గుద్ది, తల్లితో పాటు రోడ్డు దాటుతున్న ఆరేళ్ళ పాప చనిపోయింది. అతని కారులో అప్పుడు ప్రయాణికుడు లేడు. యాప్ ఆన్ చేసుకుని పిలుపు కోసం చూస్తున్నాడు. అతను ఆ సమయంలో మా సర్వీసు ఇవ్వడం లేదు అంది కంపెనీ. ఇటు సొంత కారు పాలసీలు చూస్తే, డబ్బు తీసుకుని మనుషుల్ని తిప్పడానికి వర్తించవని సాధారణంగా రాసే ఉంటుంది. మధ్యలో ఒక గొయ్యి. ఆ గొయ్యి పూడ్చడానికి 2014 లో ఎ.బి. 2293 అనే చట్టం చేశారు, 2015 జులై నుంచి అమలైంది. దాని ప్రకారం డ్రైవరు టైముని మూడు ముక్కలు చేశారు. యాప్ ఆన్ చేసి ఎదురుచూసేది మొదటిది. పిలుపు ఒప్పుకుని ప్రయాణికుడి దగ్గరకి వెళ్ళేది రెండోది. ప్రయాణికుడు కారులో ఉన్నది మూడోది. రెండు, మూడు ముక్కల్లో అవతలివాళ్ళకి జరిగిన నష్టానికి పది లక్షల డాలర్ల దాకా ఇన్సూరెన్స్ ఉండాలి. మొదటి ముక్కలో చాలా తక్కువ. గాయపడిన ఒక్కరికి 50 వేలు, ప్రమాదం మొత్తానికి లక్ష, ఆస్తి నష్టానికి 30 వేలు, దాని పైన ఇంకో రెండు లక్షల అదనపు కవరేజి.

ఇక్కడ నా సొంత కారు ఎక్కడుందో గమనించారా? ఎక్కడా లేదు. అవన్నీ అవతలివాళ్ళకి. నా కారు రిపేరుకి కంపెనీ పాలసీ నుంచి రావాలంటే, నా సొంత పాలసీలో ఆ కవరేజి ముందే ఉండాలి, ప్రయాణికుడు ఉన్న లేదా ప్రయాణికుడి కోసం వెళ్తున్న టైమయి ఉండాలి, అప్పుడైనా మొదటి 2500 డాలర్లు నేనే పెట్టుకోవాలి. పాత కారుకి ఆ 2500 పెడితే ఇంకేం మిగులుతుంది! అందుకే సొంత పాలసీ మీద రైడ్‌షేర్ ఎండార్స్‌మెంట్ అని ఒకటి అమ్ముతారు, నెలకి కొద్ది డాలర్లు ఎక్కువ. మీ ఇంట్లో ఎవరైనా డ్రైవింగ్ మొదలుపెడితే మొదటి రోజుకి ముందే అది తీసుకోమనండి. ఏజెంటుకి చెప్పకుండా నడిపితే, ప్రమాదం జరిగిన రోజున ఇంటిల్లిపాదికీ ఉన్న ఆ ఒక్క పాలసీకే ముప్పు.

ఇప్పుడు ప్రయాణికుల సంగతి. ఇది కొత్త విషయం, కాస్త శ్రద్ధగా వినండి. మీరెక్కిన కారుని ఇన్సూరెన్స్ లేనివాడో, చాలీచాలని ఇన్సూరెన్స్ ఉన్నవాడో వచ్చి గుద్దాడనుకోండి. తప్పు వాడిది. వాడి దగ్గర డబ్బు లేదు. అలాంటప్పుడు మీకు కాలిఫోర్నియాలో యాప్ కంపెనీ పెట్టిన పాలసీ నుంచి పది లక్షల డాలర్ల దాకా రక్షణ ఉండేది. 2025 అక్టోబరు లో సంతకమైన ఎస్.బి. 371 ప్రకారం 2026 జనవరి 1 నుంచి అది ఒక మనిషికి 60 వేలు, ప్రమాదం మొత్తానికి 3 లక్షలు అయింది. యూనియన్ చట్టం, ఈ చట్టం రెండూ జంటగా వచ్చాయి. కంపెనీలు ఒకటి ఇచ్చి ఒకటి పుచ్చుకున్నాయన్నమాట. ఖర్చు తగ్గి ధరలు తగ్గుతాయంటున్నారు. తగ్గితే సంతోషమే. అమెరికాలో నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంటే 60 వేలు ఎంతసేపు నిలుస్తాయో మీకు వేరే చెప్పక్కర్లేదు. మీకు సొంత కారు పాలసీ ఉంటే, అందులో అన్‌ఇన్సూర్డ్ మోటారిస్ట్ కవరేజి ఎంత ఉందో చూసుకోండి. వేరేవాళ్ళ కారులో కూర్చున్నప్పుడు వర్తిస్తుందా అని ఏజెంటుని అడగండి. ఇండియా నుంచి వచ్చిన అమ్మా నాన్నలకి అలాంటి పాలసీ ఏదీ ఉండదు. వాళ్ళ విజిటర్ మెడికల్ ఇన్సూరెన్స్ ని ఊరికే లాంఛనానికి, తక్కువలో తక్కువది చూసి కొనకండి.

అమ్మా నాన్నలంటే గుర్తొచ్చింది. వాళ్ళు ఎక్కితే నాకు భలే సరదాగా ఉంటుంది. గుంటూరు నుంచి వచ్చిన దంపతుల్ని ఒకసారి గుడికి తీసుకెళ్ళాను. ఆవిడ కారెక్కుతూనే, "బాబూ, ఓటీపీ చెప్పమంటావా?" అన్నారు. నేను తెలుగులో, "అక్కర్లేదమ్మా, కూర్చోండి" అనేసరికి ఆయన, "అదేమిటయ్యా, నంబరు చెప్పకుండా బండి ఎలా కదులుతుంది? మీరు వేరే ఎవర్నో ఎక్కించుకోవాల్సి ఉంటే?" అన్నారు. ఆ ప్రశ్న నాకు భలే నచ్చింది. హైదరాబాద్ లో, విజయవాడ లో ఓలా, ఊబర్, ర్యాపిడో ఎక్కేవాళ్ళందరికీ ఆ నాలుగంకెలు చెప్పడం అలవాటు. ఇక్కడ అది ఉంది గాని మనమే సెట్టింగుల్లోకి వెళ్ళి ఆన్ చేసుకోవాలి. మీ వాళ్ళకి కారు పిలిచే ముందు ఆన్ చేసి పెట్టండి. అది లేకపోయినా నంబరు ప్లేటు, కారు రంగు, డ్రైవరు ఫొటో సరిచూసి, "ఎవరి కోసం వచ్చారు?" అని అడగమనండి. మనమే పేరు చెప్పి "మీరు మాకోసమేనా" అని అడిగితే ఎవడైనా అవునంటాడు. పేరు డ్రైవరు నోటినుంచి రావాలి.

అన్నట్టు, ఊబర్ వాళ్ళు ప్రపంచంలో మొట్టమొదట నగదు తీసుకోవడం ప్రయోగంగా మొదలుపెట్టింది మన హైదరాబాద్ లోనే, 2015 మే లో. ఆ అలవాటుతో మనవాళ్ళు ఇక్కడ దిగేటప్పుడు ఇరవై డాలర్ల నోటు తీసి చిల్లర అడుగుతారు. కార్డు మీద పోయిందని చెప్పినా పెద్దవాళ్ళకి ఓ పట్టాన నమ్మకం కుదరదు. అక్కడి డ్రైవరు ఫోన్ చేసి "ఎక్కడికి సార్, క్యాషా ఆన్‌లైనా?" అని అడిగి, ఆన్‌లైన్ అనగానే రద్దు చేసెయ్యడం మీలో చాలామంది అనుభవించే ఉంటారు. విసుగే. కాని ఆ పూట పెట్రోలుకి ఆ పూటే డబ్బు కావలసిన మనిషి అతను, కంపెనీ ఎప్పుడో ఖాతాలో వేస్తే అతనికి జరగదు. ఇప్పుడు అక్కడ ఇంకో మార్పు వచ్చింది. బెంగళూరు లో 2022 లో వచ్చిన నమ్మ యాత్రి కమిషన్ లేకుండా ఆటోవాళ్ళ దగ్గర చందా లాంటి రుసుము తీసుకునే పద్ధతి పట్టుకుంది. ర్యాపిడో అదే దారి పట్టింది, 2025 లో ఊబర్ కూడా ఇండియాలో ఆటోలకి అదే చేసింది. బేరం తువ్వాలు కింద నుంచి బయటికి వచ్చిందన్నమాట. మీరిచ్చినది ఆటో అతనికే. 2025 లో ఇండియా ప్రభుత్వం ఇచ్చిన మార్గదర్శకాల్లో సొంత బండి ఉన్న డ్రైవరుకి చార్జీలో కనీసం 80 శాతం ఇవ్వాలని, రద్దీ ధర మూల చార్జీకి రెట్టింపు దాటకూడదని ఉంది. అమలు సంగతి రాష్ట్రాల చేతుల్లో ఉంది గాని, కాలిఫోర్నియాలో కాగితం మీదైనా అలాంటి శాతం లేదు మరి.

పిల్లల విషయం రెండు ముక్కల్లో చెప్పేస్తాను. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లల్ని మీ మామూలు ఖాతా మీద ఒంటరిగా పంపకూడదు. స్కూలు నుంచి పికప్ అని పెడితే మేము వచ్చి చూసి కాదని వెళ్ళిపోవాలి, పిల్ల ఏడుపు మొహం పెట్టినా సరే. 13 నుంచి 17 ఏళ్ళవాళ్ళకి ఊబర్ 2023 లో టీన్ ఖాతాలు మొదలుపెట్టింది, అది తీసుకోండి. ఇక చిన్నపిల్లలు. ఎనిమిదేళ్ళలోపు వాళ్ళకి కారు సీటో బూస్టరో ఉండాలన్న కాలిఫోర్నియా చట్టం మా కార్లకీ వర్తిస్తుంది. "దగ్గరే కదండీ, ఒళ్ళో కూర్చోబెట్టుకుంటా" అంటే నేను కదలను.

చుక్కల గురించి కూడా చెప్పాలి. మనవాళ్ళకి మార్కుల అలవాటు. ఐదుకి నాలుగంటే ఎనభై శాతం, ఫస్ట్ క్లాసు! బాగా నడిపాడు, మర్యాదగా ఉన్నాడు, నాలుగిద్దాం అని మనసారా ఇస్తారు. ఇక్కడ డ్రైవరుకి నాలుగు చుక్కలంటే ఫిర్యాదు కింద లెక్క. సగటు ఆ ఊరికి పెట్టుకున్న గీత కంటే కిందికి పోతే ఖాతా ఆపేస్తారు, మొర వినే మనిషి దొరకడం కష్టం. లోపం లేకపోతే ఐదివ్వండి. లోపం ఉంటే ఏమిటో రాయండి.

చివరికి వచ్చాను. ఇది నన్ను నిజంగా కలవరపెట్టే విషయం. మన వాట్సాప్ గ్రూపుల్లో "ఎయిర్‌పోర్ట్ పికప్, నలభై డాలర్లు, తెలుగు డ్రైవర్" అని మెసేజిలు చూస్తుంటారు కదా. చాలామంది చదువుకోవడానికి వచ్చిన కుర్రాళ్ళే. అమ్మా నాన్నలకి ఇంగ్లీషు రాదు, తెలుగబ్బాయి అయితే నిశ్చింత అని మనం ఫోన్ చేస్తాం. యాప్ లేదు కాబట్టి ఇందాక చెప్పిన మూడు ముక్కల్లో ఏ ముక్కా వర్తించదు. ఆ అబ్బాయి సొంత పాలసీ, డబ్బు తీసుకుని తిప్పాడని తెలిస్తే, చేతులెత్తేస్తుంది. ఏమైనా జరిగితే మన పెద్దవాళ్ళకీ దిక్కులేదు, ఆ పిల్లవాడికీ లేదు.

ఇంకొకటి దీనికంటే అన్యాయం. ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్ళు క్యాంపస్ బయట అనుమతి లేకుండా పని చెయ్యకూడదు. యాప్ కి నడపడం సొంత వ్యాపారం, నేనెవరి దగ్గరా ఉద్యోగం చెయ్యడం లేదు కదా అని వాదిస్తే కుదరదు. హెచ్-1బి వాళ్ళు వీసా ఇప్పించిన కంపెనీకి తప్ప ఇంకెవరికీ పని చెయ్యకూడదు, వారాంతం రెండు గంటలైనా సరే. హెచ్-4 వాళ్ళలో 2015 నుంచి కొందరికి దొరుకుతున్న వర్క్ పర్మిట్ చేతిలో ఉంటే, అది చెల్లుబాటులో ఉన్నంతకాలం నడపొచ్చు. పైగా కాలిఫోర్నియాలో 2023 నుంచి కొత్తగా ప్రయాణికుల్ని తిప్పడానికి చేరేవాళ్ళకి ఊబర్ 25 ఏళ్ళు నిండాలంటోంది. ఇన్ని అడ్డాలుంటే ఏం చేస్తున్నారంటే, వేరేవాళ్ళ పేరు మీద ఉన్న ఖాతా వారానికింత అని అద్దెకి తీసుకుంటున్నారు. అద్దెకిచ్చేవాళ్ళలో మన పెద్దమనుషులూ ఉన్నారు. నా చెవిన పడ్డాకే చెబుతున్నాను.

ఒక అబ్బాయి నన్ను అడిగాడు, "అంకుల్, మీరు పగలు నడపరు కదా, ఆ టైముకి మీ అకౌంట్ నాకివ్వండి, సగం సగం" అని. బుద్ధిమంతుడు, ఇంటి దగ్గర అప్పు ఉంది, సెమిస్టర్ ఫీజు కట్టాలి. "బాబూ, మధ్యలో సెల్ఫీ అడుగుతారు, మొహం కలవకపోతే నా ఖాతా పోతుంది, అది చిన్న విషయం" అన్నాను. "నువ్వు నడుపుతుండగా ఎవరినైనా గుద్దితే, నడిపే మనిషి వేరు అని ఇన్సూరెన్స్ వాళ్ళు తప్పుకోవడానికి చూస్తారు. పోలీసు నీ లైసెన్సు రాసుకుంటాడు. అక్కడినుంచి నీ వీసా దాకా ఎంత దూరమో నువ్వే ఆలోచించుకో." అతను కాసేపు ఊరుకుని, "మా సీనియర్లు అందరూ చేస్తున్నారంకుల్, ఎవరికీ ఏమీ కాలేదు" అన్నాడు. ఏమీ కానంతకాలం ఎవరికీ ఏమీ కాదు. ఇందాక లెక్క చూశారుగా, ఒక సాయంత్రం అంతా తిరిగితే ఖర్చులు పోను చేతికి మిగిలేది. అందులో ఖాతా అద్దె తీసేస్తే ఇంకెంతుంటుంది? ఆ కాస్తకి ఆ పిల్లవాడు పందెం కాస్తున్నది తన డిగ్రీ మొత్తాన్ని.

ఆ అబ్బాయికి ఖాతా ఇవ్వలేదు. వాళ్ళ కాలేజీ లైబ్రరీలో, వంటశాలలో క్యాంపస్ పనులు ఉంటాయి, చదువు జరిగే రోజుల్లో వారానికి ఇరవై గంటలదాకా చెయ్యొచ్చు. ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసుకి తనతో పాటు వెళ్ళి కూర్చున్నాను. అత్యవసర సహాయనిధి ఏదైనా ఉందా అని అడిగితే దరఖాస్తు కాగితం ఇచ్చారు. ఫీజు అంతా దాంతో తీరలేదు. తానా, ఆటా లాంటి సంఘాల వాళ్ళు గాని, మన గుడి కమిటీల వాళ్ళు గాని వింటుంటే, కొత్తగా వచ్చిన విద్యార్థులకి ఆగస్టులో చేసే స్వాగత సభల్లో పావుగంట ఈ విషయానికి ఇవ్వండి. ఒక ఇమ్మిగ్రేషన్ లాయరుని, ఒక ఇన్సూరెన్స్ ఏజెంటుని పిలవండి. కావాలంటే నేనూ వస్తాను, నా ఫోన్ లో ఆ చీటీలు ఎలా వస్తాయో చూపిస్తాను.

ఫోన్ లైన్లలో ఎవరో ఎదురుచూస్తున్నారని సైగ చేస్తున్నారు. మీ ప్రశ్నలు తీసుకుంటానండి.